మూడో అంతస్తులో ఖాళీ గడి

కంప్యూటర్లో కూలే ఉక్కుకి చప్పుడుండదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నన్ను భయపెట్టింది అదే. తెర మీద ఒక దూలం పచ్చ రంగు నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి మారుతుంది. నెమ్మదిగా నడుము వంచుతుంది. దాన్ని నమ్ముకుని ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి కిందికి జారతాయి. పక్క సీటులో వాళ్లు టీ తాగుతూనే ఉంటారు. ఒక మీట నొక్కితే ఆ కుప్ప లేచి నిలబడుతుంది, మళ్ళీ కూలడానికి. రోజుకి కొన్ని వేలసార్లు అలా కూల్చడమే నా పని. ఎక్కడ మొదలైందో చూసి, అక్కడ కాస్త ఉక్కు చేర్చమని చెప్పాలి. నాకు జీతం ఇచ్చేది అందుకే.

మా ఆఫీసు గుంటూరులో. నాతోపాటు చేరినవాళ్లు తుళ్లూరు వైపు లేచే ఎత్తయిన భవనాల పనుల్లోకి వెళ్లిపోయారు. నా వాటాకి మిరపకాయలు వచ్చాయి. చిలకలూరిపేట రోడ్డు పొడుగునా, పత్తి చేల మధ్య, కిటికీలు లేని పెద్ద డబ్బాల్లాంటి కట్టడాలు కనిపిస్తాయి. అవి కోల్డ్ స్టోరేజీలు. ఒక్కో ఛాంబర్లో ఉక్కు స్తంభాలు, వాటి మధ్య అడ్డ దూలాలు, దూలాల మీద చెక్కలు, ఇలా నాలుగు అంతస్తుల ర్యాక్ ఉంటుంది. ప్రతి అంతస్తునీ గడులుగా విడదీసి, గడి గడికీ మిరపకాయల బస్తాలు పేరుస్తారు. మా వైపు ఆ బస్తాల్ని టిక్కీలంటారు. ఫిబ్రవరిలో కాయ రావడం మొదలైతే ఎండలు ముదిరేసరికి గడులన్నీ నిండిపోతాయి. తర్వాత ధర చూసుకుని ఏడాదంతా కొద్దికొద్దిగా బయటికి తీస్తారు.

మా నాన్న ఆ టిక్కీలు మోసే ముఠాలో మనిషి. ముఠా అంటే దొంగల ముఠా కాదు, బరువులు మోసే జట్టు. ఇరవై రెండు మంది. నేను లెక్క చూడాల్సిన స్టోరేజీలోనే, నేను లెక్క చూడాల్సిన మూడో ఛాంబర్లోనే ఆయన పని. నా లెక్క తప్పితే ఆ ఉక్కు పడేది ఆయన మీద, ఆయన తోటివాళ్ల మీద. ఈ సంగతి మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి నిజమే రాస్తాను, కొంచెం సిగ్గుపడే.

ఆయనా తక్కువ వాడేం కాదు. నేను మొదటిసారి సైటుకి వెళ్లిన రోజు, తలకి తువ్వాలు చుట్టుకుని ఎదురొచ్చి, కన్నకూతుర్ని పట్టుకుని "నమస్తే మేడం గారూ" అని పక్కకి తప్పుకున్నాడు. ఇంటికొచ్చాక నేను ఎగిరితే నవ్వి, "అక్కడ నువ్వు ఇంజనీరమ్మవి, నేను ముఠావాణ్ణి. రెండూ కలిపితే ఇద్దరికీ మర్యాద దక్కదు" అన్నాడు. ఆ ఒప్పందం మేమిద్దరం బాగా పాటించాం. ఎంత బాగా అంటే, ఆ ఛాంబర్లో లోపల ఏం జరుగుతుందో నేను ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు.

స్టోరేజీ యజమానికి మూడో ఛాంబర్లో నాలుగు అంతస్తుల మీద అయిదోది వేయాలని కోరిక పుట్టింది. ఉన్న ఉక్కు మోస్తుందా లేదా తేల్చమని మా ఆఫీసుకి అప్పగించాడు. పాత పద్ధతిలో అయితే గడికి ఇంత బరువు అని అన్నిటికీ ఒకేలా వేసుకుని లెక్క కట్టేవాళ్లం. మా ఆఫీసు పెద్దాయన కొత్త పద్ధతి అన్నాడు. ప్రతి గడి కింద బరువు కొలిచే సెన్సర్లు పెట్టించాడు. ప్రతి నిమిషానికీ ప్రతి గడి ఎంత మోస్తోందో రాసుకుంటూ పోయాయవి. ఒక కాయ కాలం అయిపోయి రెండోది వచ్చింది. అంకెలు కోట్లలోకి వెళ్లాయి. ఆ అంకెల్ని మింగి కంప్యూటర్ ఆ ఛాంబర్ని లోపల కట్టుకుంది. అందులో ర్యాక్ ఉంది, గడులున్నాయి, టిక్కీలున్నాయి. మనుషులు లేరు. మనుషుల బరువు ఆ లెక్కలో ఒక మూలకి కూడా రాదు.

అన్ని కోట్ల అంకెల్లో తప్పుడువి ఉండకుండా ఉండవు. చలికి తీగలు పాడవుతాయి, ఎలకలు కొరుకుతాయి. అందుకని మోడల్లోకి పంపే ముందు అంకెల్ని కడిగే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. ఎప్పుడూ సున్నా చూపిస్తే ఆ సెన్సరు పోయినట్టు, కాబట్టి పక్క గడుల సగటుతో నింపెయ్. మిగతావాటికంటే మరీ ఎక్కువ చూపిస్తే ఆ సెన్సరు అతి చేస్తున్నట్టు, కాబట్టి కోసెయ్. మా పెద్దాయన చూసి భుజం తట్టాడు. నేనూ మురిసిపోయాను.

మూడో అంతస్తు, పదిహేడో గడి. అది ఎప్పుడూ సున్నా. ఛాంబరంతా కిక్కిరిసిపోయిన మే నెలలో కూడా సున్నా. బరువుల పటంలో నిండిన గడి ఎరుపు, ఖాళీ గడి నీలం; తెర మీద ఎర్రటి గళ్ల మధ్య అదొక్కటే నీలంగా కనిపించేది. దానికి అటూ ఇటూ ఉన్న పదహారు, పద్దెనిమిది మాత్రం ఉండాల్సిన దానికన్నా సగం ఎక్కువ చూపించేవి. ప్రోగ్రామ్ తన పని తాను చేసింది. పదిహేడుని నింపింది, పదహారునీ పద్దెనిమిదినీ కోసింది. నీలం పోయి అంతా ఎరుపైంది, నున్నగా, ఎక్కడా మడత లేకుండా.

కడగక ముందు అంకెల్ని ఒకరోజు ఊరికే తిరగేస్తుంటే పదిహేడో గడి కదిలింది.

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి సున్నా కాస్తా అరవై నాలుగు కిలోలైంది. పావుగంట అలాగే ఉంది. మళ్ళీ సున్నా. ముందు రోజు చూశాను, అదే వేళకి అరవై నాలుగు. అంతకు ముందు రోజూ అంతే. నెల వెనక్కి, రెండు నెలలు వెనక్కి వెళ్లాను. ఆదివారాలు తప్ప ప్రతిరోజూ ఎవరో వచ్చి ఆ గడిలో కూర్చుని లేచి వెళ్తున్నట్టుంది. గుడ్ ఫ్రైడే నాడు రాలేదు. క్రిస్మస్‌కి రెండు రోజులు రాలేదు.

పక్క సీటు అతనికి చూపిస్తే "మీ సెన్సరు బాప్తిస్మం తీసుకున్నట్టుందండీ" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ చెడిపోయిన తీగ ఆదివారం సెలవు తీసుకోదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ బరువు తగ్గుతోంది. మొదట్లో డెబ్బై ఒకటి. వానాకాలానికి అరవై ఎనిమిది. మళ్ళీ కాయ దిగే వేళకి అరవై నాలుగు, తర్వాత అరవై ఒకటి. రోజూ చూస్తే తెలియదు, గీత గీసి చూస్తే ఏటవాలుగా దిగిపోతోంది. సెన్సర్లు పాతబడితే ఇలా కొద్దికొద్దిగా జారడం మామూలే. ఫైలులో ఆ గీత పక్కన "సెన్సరు జారుడు, పట్టించుకోనక్కర్లేదు" అని నా చేత్తో నేనే రాశాను.

ఆ రోజుల్లో ఒక పొద్దున ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అమ్మ నాన్నకి క్యారేజీ సర్దుతోంది. మా నాన్న క్యారేజీ ఎప్పుడూ ఇద్దరికి సరిపడా ఉండేది. ఏళ్ల తరబడి అంతే, అడిగితే "మోసేవాణ్ణి, ఆకలెక్కువ" అనేవాడు. తింటున్నాడు, అయినా చొక్కా వదులవుతోందని అమ్మ సణుగుతోంది. ఆయన దగ్గుకుంటూ నా వెనక నిలబడి తెర చూశాడు.

"ఆ నీలం గడి ఏందమ్మా?"

"అది పాడైపోయిన సెన్సరు నాన్నా. అక్కడ ఏమీ లేనట్టు చూపిస్తోంది."

"పాడైపోయిందా?" అన్నాడు. ఇంకేదో అనబోయి, క్యారేజీ తీసుకుని వెళ్లిపోయాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మా అమ్మ నన్ను చాలాసార్లు తిట్టింది. ఆ పొద్దున మాత్రం తిట్టలేదు, తిట్టాల్సింది అప్పుడే.

మోడల్ని నలభై వేలసార్లు నడిపాను. అయిదో అంతస్తుతో సహా ఒక్కసారి కూడా కూలలేదు. రిపోర్టు మీద సంతకం పెట్టాను. మార్చిలో అయిదో అంతస్తు ఉక్కు ఎక్కింది, ఏప్రిల్లో టిక్కీలు ఎక్కడం మొదలైంది. పని అయిపోయింది, డబ్బులొచ్చాయి, మా పెద్దాయన మిఠాయి పంచాడు. నేను మాత్రం ఒంటిగంటా పది కాగానే ఫోనులో ఆ గడి తెరిచి చూడటం మానలేకపోయాను. వచ్చేది. యాభై తొమ్మిది. పావుగంట ఉండేది. నేను చూస్తున్నట్టు దానికి తెలుసేమోనని ఒక పిచ్చి భయం పట్టుకుంది.

చివరికి స్టోరేజీలో మెషిన్ రూము చూసే ఆపరేటరుకి ఫోన్ చేశాను.

"అన్నా, మూడో ఛాంబర్లో భోజనాల వేళ ఎవరైనా ఉంటారా?"

"ఒక్కరు కూడా ఉండరు మేడం. అందర్నీ బయటికి పంపి నేనే తలుపు మూసి గడియ ఏస్తా. రూలు."

"మూడో అంతస్తు పదిహేడో గడిలో రోజూ మనిషి బరువు కనిపిస్తోంది."

"మేడం, దాని జోలికి పోమాకండి" అన్నాడు. "అది మీ కంప్యూటరు సంగతి కాదు." ఫోన్ పెట్టేశాడు.

మర్నాడే వెళ్లాను. బయట ఎండ పేలిపోతోంది. ముఠా వాళ్లు షెడ్డు నీడలో క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. నన్ను చూసి మాటలు ఆపేశారు. నాన్న వాళ్లలో కనిపించలేదు, ఎక్కడో చెయ్యి కడుక్కుంటున్నాడేమో అనుకున్నాను. ఆపరేటరు బతిమాలాడు, విసుక్కున్నాడు, చివరికి గడియ తీశాడు. "మీరెళ్లండి. నేను తలుపు కాడుంటా. నన్ను మాత్రం రమ్మనమాకండి" అన్నాడు.

లోపల చలి ముందు ముక్కుకి తగిలింది, తర్వాత మిరప ఘాటు గొంతు పట్టుకుంది. అక్కడక్కడా మసక బల్బులు. రెండు వైపులా టిక్కీల గోడలు పైకి లేచి చీకట్లో కలిసిపోయాయి. ఈ ఛాంబర్ని నేను వేలసార్లు నడిపాను, కూలగొట్టాను, నిలబెట్టాను, కాని దీనికి ఇంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు. నిచ్చెన ఎక్కుతుంటే నా ఊపిరే నాకు పొగలా కనిపించింది. చేతిలో ఫోను ఉంది. పదిహేడో గడి, యాభై ఎనిమిది.

మూడో అంతస్తుకి చేరేసరికి స్టీలు గిన్నె మూత తీసిన చప్పుడైంది. తర్వాత ఒక గొంతు, మెల్లగా, పక్కనున్న వాడితో మాట్లాడినట్టు.

"ఇయ్యాల గోంగూర. నీకు పులుపు పడదని తెలుసు. అయినా ఏం చేస్తాం, అదే వండింది."

మాట ఆగింది. జవాబు కోసం ఆగినట్టు ఆగింది. ఎక్కడి నుంచో 'టక్' మని చిన్న చప్పుడు వచ్చింది.

"అదీ నిజమేలే" అని ఆ గొంతు నవ్వింది.

ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గుని బట్టి గుర్తుపట్టాను.

రెండు టిక్కీల గోడల మధ్య ఒక చిన్న గది మాదిరి ఖాళీ. అందులో మా నాన్న నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ముందు రెండు గిన్నెలు. ఒక దాంట్లో ఆయన తింటున్నాడు, రెండోది అలాగే ఉంది. చొక్కా వెనక భుజం ఎముకలు రెండూ వేరువేరుగా లేచి కనిపించాయి. ఆయన వీపు అలా ఉండేది కాదు.

తల తిప్పి నన్ను చూశాడు. "మేడం గారూ" అన్నాడు అలవాటుగా. తర్వాత "అమ్మా" అన్నాడు.

"ఈ చలిలో ఇక్కడ కూర్చుని తింటావేంటి నాన్నా?"

"వాడొక్కడే ఎట్టా తింటాడమ్మా?"

వాడెవడో నాకు తెలుసు. మా నాన్న జోడీ. ముఠాలో ఇద్దరిద్దరు జోడీలు, ఒకడు టిక్కీ ఎత్తితే రెండోవాడు వీపు పడతాడు. చిన్నప్పుడు ఆయన మా ఇంటికి వచ్చి నన్ను ఒంటి చేత్తో ఎత్తి నాన్న వీపు మీద వేసి, "ఇది తాలు టిక్కీరా, బరువే లేదు" అనేవాడు. పండీ పండని తెల్ల కాయని తాలు అంటారు, బస్తా నిండినా తూకానికి రాదు. బాబాయి అని పిలిచేదాన్ని. నేను ఇంటర్ చదివేటప్పుడు కోల్డ్ స్టోరేజీలో బస్తాలు జారి మీద పడి చనిపోయాడు. ఎక్కడ, ఏ గడిలో అని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నాన్న చెప్పాడు. భోజనాల వేళైంది. ఒక వరస టిక్కీలు పక్కకి ఒరిగి ఉన్నాయి. "నువ్వు పద, సర్ది వస్తా" అన్నాడు జోడీ. నాన్న దిగి వెళ్లాడు. క్యారేజీ విప్పాడు, తిన్నాడు, చెయ్యి కూడా కడుక్కున్నాడు. అప్పుడు కదా వీడు రాలేదేమని చూసింది.

"వాడు ఇక్కడ నలుగుతుంటే నేను ముద్దలు మింగానమ్మా" అన్నాడు. "ఎవురికీ చెప్పమాకు. పాస్టరు గారికి అసలే చెప్పమాకు, చచ్చినోళ్లకి పెడతన్నావని సంఘంలో నిలబెడతాడు. పెట్టడం కాదిది. వాటా. తిరిగి కిందికి తీసుకెళ్లి ఊడ్చేవాళ్లకి ఇచ్చేస్తా."

ఆ రోజు నుంచి పదిహేడో గడిలో ముఠా టిక్కీ పెట్టలేదు. ఎవరూ ఆర్డరు వేయలేదు. కొత్తగా చేరినవాడికి మొదటి రోజే చెప్తారు, అంతే. యజమాని మారినా, ఆపరేటరు మారినా, ఆ కట్టుబాటు మారలేదు. నాన్న లోపల ఉండగానే తలుపు మూసి, లోపల ఎవరూ లేరని ఆపరేటరు అబద్ధం ఆడుతున్నాడు. తెలిస్తే యజమాని ఇద్దర్నీ పనిలోంచి తీసేస్తాడని.

"మరి ఈ గడి టిక్కీలు?" అన్నాను.

"పదహారులో సగం, పద్దెనిమిదిలో సగం. రైతు సరుకు రైతుకి లెక్క దక్కాలిగా."

సెన్సర్లు ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు. ఖాళీని ఖాళీ అన్నాయి, ఎక్కువని ఎక్కువ అన్నాయి. వాటిని అబద్ధాలకోర్లని చేసి, ఖాళీని నింపి, ఎక్కువని కోసి, అంతా బాగుందని సంతకం పెట్టింది నేను.

'టక్' మని మళ్ళీ వినిపించింది. ఈసారి దగ్గరగా, నా మోచేతి పక్కన. ఫోను లైటు వేసి చూశాను. పద్దెనిమిదో గడి దూలం స్తంభాన్ని పట్టుకున్న చోట రంగు పెచ్చులు లేచి, సన్న సన్న గీతలు పడి ఉన్నాయి. బోల్టు చుట్టూ రంధ్రం గుండ్రంగా లేదు, కోలగా సాగింది. దాని పైన నాలుగో అంతస్తు, ఆ పైన నేను సరేనన్న అయిదో అంతస్తు.

"ఈ చప్పుడు ఎప్పట్నించి నాన్నా?"

"నెల రోజుల్నించి" అన్నాడు. "వాడు పలకతన్నాడనుకున్నా."

అయిదో అంతస్తు ఎక్కిన దగ్గర్నుంచి రోజూ పావుగంట, విరగబోయే దూలంతో మా నాన్న కబుర్లు చెప్పుకున్నాడు.

"అది బాబాయి కాదు, దూలం. లే నాన్నా."

"ఏమో, ఇద్దరూ ఒకటే చెప్తన్నారేమో. లేవమని." గిన్నెలు సర్దడం మొదలుపెట్టాడు. నేను అరిచాను. జీవితంలో ఆయన మీద అలా అరవడం అదే మొదలు. గిన్నెలు అక్కడే వదిలేసి, ఆయన్ని ముందు నిచ్చెన దింపి, వెనక నేను దిగాను. దిగుతున్నంతసేపూ పైన ఎవరో వేలి కణుపులు విరుచుకుంటున్నట్టు చప్పుడు.

ముఠాని లోపలికి పోనివ్వలేదు. యజమాని వచ్చాడు, మా పెద్దాయన వచ్చాడు. "నువ్వేగా బాగుందన్నావ్, ఇప్పుడు నువ్వే బాలేదంటావా?" అని యజమాని గొంతు చించుకున్నాడు. తప్పు నాదని చెప్పాను, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే కాగితం మీద రాసిచ్చాను. "వాళ్లు ఆ గడి ఖాళీగా ఉంచుతారని నీకెవరు చెప్పారు?" అని మా పెద్దాయన అడిగాడు. "మా నాన్న" అన్నాను. షెడ్డు నీడలో నిలబడ్డ ఆయన్ని చూపించాను. అక్కడున్న వాళ్లంతా అటు తిరిగారు. తువ్వాలు తల మీద నుంచి తీసి భుజాన వేసుకుని నిటారుగా నిలబడ్డాడాయన.

ఆ సాయంత్రం నా ప్రోగ్రామ్ చేసిన నింపుడూ కోతా తీసేసి, పచ్చి అంకెలతో మోడల్ని నడిపాను. పదిహేడు మళ్ళీ నీలమైంది. పద్దెనిమిది ముందు వంగింది. తర్వాత పదహారు. రెండు వైపుల నుంచీ టిక్కీలు ఖాళీ ఉన్న చోటికే జారాయి. మళ్ళీ నడిపాను, అలాగే. ఎన్నిసార్లు నడిపినా ఉక్కంతా చప్పుడు లేకుండా వచ్చి పడేది ఆయన కూర్చునే చోటే. ఆ తెరలో మనిషి లేడు. నాకు మాత్రం రెండు గిన్నెలు ముందు పెట్టుకున్న ఒక వీపు కనిపిస్తూనే ఉంది.

దూలాలకి కింద నుంచి దన్నులు పెట్టి, పై నుంచి ఒక్కో టిక్కీ దించారు. ఎవరికీ గీత పడలేదు. ఆ మాట మా నాన్న చాలామందికి చెప్పుకున్నాడు, మా అమ్మాయి ఆపిందని. ఏం ఆపానో నాకు తెలుసు.

ఆ వారమే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాను. నర్సు తూకం మీద నిలబెట్టింది. అంకె నేను చూడలేదు. "యాభై ఎనిమిది" అన్నాను. ఆమె తూకం వంకా, నా వంకా చూసింది. నాన్న నవ్వి, "నేనే తాలు టిక్కీనయ్యా చివరికి" అన్నాడు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, అందులో ఊపిరితిత్తుల దగ్గర చాలాసేపు చూసి, "బరువు తగ్గడం ఎప్పట్నించి?" అని అడిగాడు. ఏ ఇంట్లోవాళ్లూ ఈ ప్రశ్నకి సరిగ్గా చెప్పలేరు. ఈ మధ్యనే అంటారు, చొక్కా వదులైందంటారు. నేను ఫోను తీసి ఆ గీత చూపించాను. డెబ్బై ఒకటి, అరవై ఎనిమిది, అరవై నాలుగు, అరవై ఒకటి. ఆదివారాలు తప్ప ప్రతిరోజూ. డాక్టరు దాన్ని వేలితో జరుపుకుంటూ చూసి, "ఇంత జాగ్రత్తగా రాసిపెట్టుకున్నారు, మరి ఇంత ఆలస్యంగా తెచ్చారేమ్మా?" అన్నాడు. గీత పక్కన నా రాత ఇంకా అలాగే ఉంది. సెన్సరు జారుడు, పట్టించుకోనక్కర్లేదు.

వానలు వెనకపట్టకముందే నాన్న వెళ్లిపోయాడు. సమాధుల తోటలో జోడీ పక్కన చోటు లేదు, రెండు వరసల అవతల దొరికింది. పెట్టె మోసింది ముఠా వాళ్లే. దించాక వాళ్లలో ఒకాయన నా దగ్గరికి వచ్చి, "బరువే లేడమ్మా" అని ఏడ్చాడు.

మూడో ఛాంబర్ ర్యాక్‌ని తర్వాత కొత్త ఉక్కుతో బలపరిచాం. అయిదో అంతస్తు లేదు. డ్రాయింగు మీద పదిహేడో గడి దగ్గర 'ఖాళీగా ఉంచాలి' అని రాసి, దాన్ని ఖాళీగా ఉంచే లెక్కతోనే మిగతా అంతా కట్టాను. ఎందుకని మా పెద్దాయన అడగలేదు. ముఠా ఇప్పుడు కూడా అక్కడ టిక్కీ పెట్టదు. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి అక్కడికి ఎవరూ వెళ్లరు. సున్నా అలాగే ఉంటుంది.

సోమవారం సోమవారం ప్రోగ్రామ్ నా తెర మీద ఒకటే అడుగుతుంది. పదిహేడో గడి సెన్సరు పనిచేయడం లేదు, పక్క గడుల సగటుతో నింపమంటారా అని. అది పనిచేస్తూనే ఉంది. నేను 'వద్దు' నొక్కుతాను.